నూటపదహారు పూతల పెనం

"ఈ భూమ్మీద నేరస్థులు రెండే రకాలు హాలిస్! బర్ల్ లెడ్‌బెటర్‌కి దొరికినవాళ్ళు, ఇకమీదట దొరకబోయేవాళ్ళు!"

ఈ ముక్క అన్నది సాక్షాత్తూ బర్ల్ లెడ్‌బెటరే. శనివారం పొద్దున్న ఏడింటికి, క్విల్బీ ఊరి చర్చి వంటశాల నడిమధ్య నిలబడి, భూతద్దం పట్టుకున్న చెయ్యి పైకెత్తి మరీ అన్నాడు. మొదటి రకంలో ఇప్పటిదాకా ఒక్క పురుగు కూడా చేరలేదన్న సంగతి అతని చిన్ననాటి నేస్తం హాలిస్ టాకెట్‌కి బాగా తెలుసు. ఆ మాట పైకి అందామంటే హాలిస్ తలకాయ పొయ్యి కింది సొరుగులో ఉంది.

"ఒరేయ్, పెనం లేదురా," అన్నాడు సొరుగులోంచే.

"తొందరపడి ఒక నిర్ణయానికి రాకు."

"ఖాళీ సొరుగు చూసి ఇంకే నిర్ణయానికి రావాలిరా? గురువారం ఇక్కడ పెట్టింది నువ్వే కదా?"

"పెట్టాను. పెట్టాను కాబట్టి ఉండాలి. ఉండాల్సింది లేదు. అంటే..." బర్ల్ కళ్ళు చికిలించి, టోపీ ఒక పక్కకి జరుపుకున్నాడు. "ఘోరం జరిగిపోయింది!"

హాలిస్ నేలమీద చతికిలబడ్డాడు. అరవై రెండేళ్ళ మనిషి. మోకాళ్ళు టకటకమన్నాయి.

పోయింది మామూలు పెనం అయితే ఇంత బాధ లేదు. బక్‌హార్న్ వాగుకి ఇటు క్విల్బీ, అటు టార్వర్. మధ్య తొమ్మిది మైళ్ళు. ఊరికో విశ్వవిద్యాలయం. ఇటువాళ్ళది ఊదారంగు, అటువాళ్ళది నారింజరంగు. క్విల్బీలో తల్లులు పిల్లలకి క్యారెట్ పెట్టరు, టార్వర్ దుకాణాల్లో ద్రాక్ష జామ్ అమ్ముడుపోదు. ఏటా నవంబరు నెలాఖరు శనివారం నాడు రెండు పక్షాల కుర్రాళ్ళూ కోడిగుడ్డు లాంటి బంతిని చంకలో ఇరికించుకుని ఒకళ్ళనొకళ్ళు పొట్టేళ్ళలా కుమ్ముకుంటారు. గెలిచినవాళ్ళకి దక్కేది ఒక ఇనప పెనం. ఆ పెనం మా వ్యవస్థాపకుడిదంటే మా వ్యవస్థాపకుడిదని రెండుచోట్లా కంచు ఫలకాలున్నాయి. గెలిచిన ప్రతిసారీ లోపలా బయటా తమ రంగు ఒక పూత పూసుకుంటారు. నూటపదహారు ఆటలు, నూటపదహారు పూతలు. పిడి పట్టుకుంటే దుడ్డుకర్ర పట్టుకున్నట్టుంటుంది.

పందొమ్మిదివందల పదకొండులో ఈ పెనం కోసమే తలలు పగిలితే, పెద్దలు కూచుని ఒక కట్టడి చేశారు. పెనం ఎవరి దగ్గరుంటే వాళ్ళు, నాణెం ఎగరేసే వేళకి దాన్ని మైదానం నడిమధ్యకి తెచ్చి చూపించాలి. తేలేకపోతే ఆడకుండానే ఓడినట్టు.

హాలిస్ క్విల్బీ జట్టు సామాన్ల గది చూసేవాడు. హెల్మెట్లు తుడవడం, భుజాలకి కట్టుకునే దిళ్ళు కుట్టడం, ఓడిన రోజు కుర్రాళ్ళకి తువ్వాళ్ళు అందించి పక్కకి తిరిగి నిలబడడం అతని పని. ఆ గదిలో పెనం కోసం ఒక మేకుంది. ఇరవైరెండేళ్ళ పాటు హాలిస్ ఆ ఖాళీ మేకునే తుడిచాడు. పోయినేడు ఒక్క పాయింటు తేడాతో గెలిచి, పెనం ఇంటికొచ్చింది. తన చేత్తో ఊదారంగు పూసి, పిడికి ఎదురుగా అంచు మీదున్న నొక్కుని బొటనవేలితో తడిమి, తన చేత్తో తగిలించాడు. ఇవాళ మధ్యాహ్నం పన్నెండుకి అది మైదానంలో లేకపోతే, ఏడాదంతా ఒళ్ళు హూనం చేసుకున్న కుర్రాళ్ళు బూట్లు కట్టుకోకుండానే ఓడిపోతారు. పోగొట్టింది ఎవరయ్యా అంటే, హాలిస్ టాకెట్.

అసలు పెనం మేకు దిగడానికి కారణం బర్లే. "ఆట వారంలో టార్వర్ వాళ్ళు ఏదో ఒకటి ఎత్తుకుపోతార్రా, మొన్న మన వ్యవస్థాపకుడి విగ్రహం మీసాలకి నారింజరంగు వేశారు చూశావా? పెనం నాకివ్వు. బ్రహ్మదేవుడికి కూడా దొరకని చోట దాస్తా," అన్నాడు. అన్నమాట నిలబెట్టుకున్నాడు. ఇప్పుడది దాచినవాడికి కూడా దొరకడం లేదు.

బర్ల్ ముప్ఫయ్యేళ్ళు ఇంటింటికీ తిరిగి నీటి మీటర్లు చదివాడు. జనం పెరళ్ళలోకి ముప్ఫయ్యేళ్ళు తొంగిచూసిన అనుభవం ఊరికే పోకూడదని, పదవీ విరమణ కాగానే పోస్టులో డిటెక్టివ్ పాఠాలు తెప్పించుకున్నాడు. 'బర్ల్ పి. లెడ్‌బెటర్, సత్యాన్వేషి' అని కార్డులు కొట్టించాడు. మధ్యలో ఆ 'పి' ఏమిటని ఎవరైనా అడిగితే, "అది నా శత్రువులు తెలుసుకోవాలని తహతహలాడే విషయం," అనేవాడు. ఇంతవరకూ నాలుగు కేసులు వచ్చాయి. పోయిన పిల్లి దానంతటదే వచ్చింది, పోయిన కుక్క రాలేదు. పోయిన మంగలి ఊరు మారాడని తేలింది. నాలుగోది కన్నతల్లి అప్పజెప్పింది. ఆవిడ నాయనమ్మ వంటింటి సామాను ఏదో ఎవరో చేబదులు పట్టుకెళ్ళి ఎగ్గొట్టారట, అది కనిపెట్టరా అని ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి వారానికోసారి అడుగుతుంది. "చిల్లర కేసులు నేను పట్టనమ్మా," అని బర్ల్ దాటేస్తాడు.

"హాలిస్! ఇటు!" అని బర్ల్ అరిచాడు గిన్నెలు తోమే తొట్టి దగ్గర్నించి.

తొట్టి అడుగున ఊదారంగు పెచ్చులు. పక్కన కాస్టిక్ సోడా డబ్బా, ఖాళీ. బర్ల్ భూతద్దం పెట్టి, ముక్కు పెట్టి, ఆ తర్వాత నాలుక కూడా పెట్టబోతే హాలిస్ జుట్టు పట్టుకుని వెనక్కి లాగాడు.

"ఇక్కడ," అన్నాడు బర్ల్ గొంతు తగ్గించి, "శవాన్ని కరిగించారు."

"ఎవరి శవంరా?"

"పెనానిది. తోలు ఒలిచేశారు. ఎందుకు? మారువేషం వెయ్యడానికి! టార్వర్ ముఠా మన ఊదారంగు గీకేసి, ఈపాటికి నారింజరంగు పూసేసి ఉంటుంది. ఇదిగో రుజువు!" నేలమీంచి ఒక నారింజరంగు దారప్పోగు తీశాడు.

"అది ఆదివారం బడి పిల్లలు గుమ్మడికాయ బొమ్మలకి కట్టిన దారం రా."

"పిల్లల్ని కూడా వాడుకున్నారన్నమాట. కిరాతకులు!" దారాన్ని కవరులో వేసుకున్నాడు.

దారం సంగతి ఎలా ఉన్నా, రంగు గీకేశారన్న మాట హాలిస్‌కి సబబుగానే తోచింది. బర్ల్ నోట సబబైన మాట రావడం అదే మొదటిసారి. అక్కడే అనుమానించి ఉండాల్సింది.

*

ఊరంతా గాలించి పదకొండింటికి వచ్చేసరికి మైదానం బయట ఇసకేస్తే రాలనంత జనం. ట్రక్కుల వెనక తలుపులు దించి, బల్లలు వేసి, ఎక్కడికక్కడ పొయ్యిలు రాజేశారు. పొగలో పంది మాంసం మగ్గుతోంది. చిక్కుళ్ళు కుతకుత ఉడుకుతున్నాయి. తీపి టీ జాడీలకొద్దీ ఖాళీ అవుతోంది. ఆట మాట దేవుడెరుగు, చాలామందికి ఈ తిండే పండగ.

అందులో అందరికంటే ముందు బల్ల వెర్లీనత్తది. ఊరంతటికీ అత్తే. నలభయ్యేళ్ళుగా ప్రతి ఆటకీ మొక్కజొన్న రొట్టె కాల్చి పెడుతుంది గానీ, ఒక్కనాడూ మైదానం లోపలికి అడుగు పెట్టలేదు. బయట పొయ్యి ముందు కూచుని, లోపలి అరుపుల్ని బట్టి పాయింట్లు చెప్పేస్తుంది. ఆవిడకి ప్రపంచంలో రెండు పాపాలే తెలుసు. ఒకటి, ఇనప పెనాన్ని సబ్బుతో తోమడం. రెండు, పక్కింటివాళ్ళ పాత్ర తిరిగి ఇవ్వకపోవడం. చర్చి విందులకి ఎవరే గిన్నె తెచ్చినా అడుగున పేరుండాలి, విందు కాగానే ఆ గిన్నె ఆ పేరుకి చేరాలి. ఈ పద్ధతి నడిపించేది ఆవిడే.

హాలిస్ ఫోను మోగింది. జట్టు కోచ్. "హాలిస్, పెనం తుడిచావా? తళతళలాడాలి ఇవాళ!"

"తుడుస్తున్నా సార్," అన్నాడు హాలిస్, నొసటి చెమట తుడుచుకుంటూ.

ఒక చెవిలో కోచ్ ఉపన్యాసం సాగుతుంటే, రెండో చెవిలో వెర్లీనత్త గొంతు పడింది.

"ఒరే బర్లూ, ఇటు రా నాయనా. ఈ పెనం ఎవరిదో కాస్త కనుక్కుని పెట్టరా. మీ డిటెక్టివులకి ఇలాంటివి తెలుస్తాయిగా." నల్లగా నిగనిగలాడుతున్న పెనమొకటి బర్ల్ మొహం ముందు ఆడిస్తోంది.

"అత్తా! ఒక మహాపెనం మాయమై ఊరి పరువు వాగులో కలిసిపోతుంటే, నీ రొట్టెల పెనం గొడవేంటి మధ్యలో?"

"అది కాదురా, నిన్న పొద్దున్న నేను..."

"నిన్నటివి రేపు మాట్లాడుకుందాం. ఇవాళ నా బుర్ర ఖాళీ లేదు."

"అది ఎప్పుడూ ఖాళీయేగా. పోనీ ఆ భూతద్దమైనా ఇలా తగలెయ్. లోపల ఏదో చెక్కి ఉంది, నల్లదాంట్లో నల్లగా. నా కళ్ళజోడు ఇంట్లో ఉండిపోయింది."

"ఇది నేరాలు చూసే అద్దం అత్తా, రొట్టెలు చూసే అద్దం కాదు!" బర్ల్ పెనాన్ని మోచేత్తో పక్కకి నెట్టి ముందుకి కదిలాడు.

"నీ మొహం మండ!" అని వెర్లీనత్త పెనంలో కొవ్వు వేసి, పిండి పోసి, మూతున్న బొగ్గుల పొయ్యిలోకి తోసింది. కడిగి నూనె పట్టించిన పెనం, మొదటి రొట్టె కాలిస్తేనే పని పూర్తయినట్టు అని ఆవిడ నమ్మకం.

హాలిస్ ఇదంతా చూశాడు. కానీ ఆ పొద్దున్న అతని కళ్ళు వెతుకుతున్నవి రెండే రంగులు, ఊదా, నారింజ. నల్లది కళ్ళ ముందు నుంచే జారిపోయింది.

*

టార్వర్ వాళ్ళ బళ్ళు మైదానానికి ఆ చివర. అక్కడికి మామూలుగా వెళ్తే పోల్చేస్తారని బర్ల్ మారువేషం వేశాడు. నీటి మీటర్ల రోజుల నాటి నారింజరంగు చేతుల్లేని కోటు, దాని మీద మెరిసే పట్టీలు. తీరా వెళ్ళాక మొదటి కారాయన కిటికీ దించి, "ఎక్కడ ఆపమంటావయ్యా?" అన్నాడు.

"ఆ?"

"కారు! ఎక్కడ ఆపను?"

వేషం బయటపడకూడదు కదా. బర్ల్ హుందాగా ఎడమకి చెయ్యి చూపించాడు. వెనకాయన్ని కుడికి పంపాడు. పది నిమిషాల్లో నలభై కార్లు ఒకదాని మూతి ఒకటి నాకుతున్నాయి. నట్టనడుమ చారల చొక్కాల రిఫరీలు వచ్చిన బండి, అటూ ఇటూ కదల్లేక హారను కొడుతోంది.

"ఒరేయ్, నువ్వొచ్చింది పెనం కోసంరా!" హాలిస్ రెక్క పట్టుకుని ఈడ్చుకెళ్ళాడు.

సరిగ్గా అప్పుడే బర్ల్ కొయ్యబారిపోయాడు. ముందు ఒక ముసలాయన నడుస్తున్నాడు. చంకలో నారింజరంగు గుడ్డసంచి. సంచిలో గుండ్రటి వస్తువు. దానికి పొడుగాటి పిడి.

"చూశావా?" అన్నాడు బర్ల్. "గుండ్రం. పిడి. నారింజ!"

"బర్ల్, ఆగరా, అది కొంచెం పెద్దదిగా..."

ఎక్కడ ఆగుతాడు! "బర్ల్ లెడ్‌బెటర్ కళ్ళలో కారం కొట్టలేరు!" అని కేకేస్తూ డేగలా గాల్లోకి లేచాడు. డేగలా లేచినవాడు బస్తాలా పడ్డాడు. ముసలాయన పక్కకి తప్పుకున్నాడు, సంచి బర్ల్ కింద పడింది. లోపల్నించి 'టింగ్ టటంగ్ డొంయ్' అని వినిపించింది.

పెనం అలా పలకదని హాలిస్‌కి తెలుసు.

"నా బాంజో!" అన్నాడు ముసలాయన. "అరవయ్యేళ్ళ నుంచి ప్రతి ఆటకీ వాయిస్తున్నాను. ఎవడ్రా ఈ మొక్కజొన్న బస్తా?"

నారింజరంగు జనం చుట్టూ మూగారు. వాళ్ళని తోసుకుంటూ ఒక పొడుగాటి మనిషి వచ్చాడు, ఎనిస్ క్రాబ్‌ట్రీ. టార్వర్ జట్టు సామాన్ల గది చూసేది అతనే. ఇరవైరెండేళ్ళు పెనం అతని మేకుకే వేలాడింది. ఏటా ఒకసారి మైదానంలో హాలిస్ తలూపేవాడు, అతనూ తలూపేవాడు. అంతకు మించి ఇద్దరి మధ్యా మాటల్లేవు.

"టాకెట్," అన్నాడు ఎనిస్, బర్ల్‌నీ సంచినీ మార్చి మార్చి చూసి. "మీవాడు మా సంచుల్లో ఏం వెతుకుతున్నాడు?"

హాలిస్ వంగి బర్ల్‌ని సంచి మీంచి లేవదీశాడు.

ఎనిస్ దగ్గరికొచ్చి, ఇంకెవరికీ వినబడకుండా అన్నాడు, "పెనం ఏది?"

"తెస్తాను. పన్నెండుకి తెస్తాను."

ఎనిస్ సంచి ఎత్తి ముసలాయనకి అందించాడు. "తే," అన్నాడు. "మావాళ్ళు ఆడి గెలవాలి టాకెట్. ఆడకుండా గెలిస్తే దాన్ని నా మేకుకి తగిలించబుద్ధి కాదు."

జనం మాత్రం ఊరికే వదల్లేదు. బాంజోకి రెండు తీగలు తెగాయి. మిగిలిన మూడు తీగల మీద ముసలాయన వాయిస్తుంటే, బర్ల్ ట్రక్కు మీదెక్కి టార్వర్ వాళ్ళ జయగీతం నాలుగు చరణాలూ పాడాలన్నారు. పాడాడు. క్విల్బీ బిడ్డడికి ఆ పాట ఎలా వచ్చో ఎవరూ అడగలేదు గానీ, మూడో చరణంలో కన్నీళ్ళు పెట్టుకోవడం హాలిస్ కళ్ళారా చూశాడు.

"అది నటన," అన్నాడు బర్ల్ కిందికి దిగాక, ముక్కు చీదుకుంటూ.

*

పన్నెండు కావడానికి ఇరవై నిమిషాలుంది.

"నేను వెళ్ళి కోచ్‌కి నిజం చెప్పేస్తానురా," అన్నాడు హాలిస్. "కుర్రాళ్ళకి కూడా నేనే చెప్తాను. ఇంకెవరో చెప్పేకంటే నేను చెప్పడం మేలు."

"ఐదే నిమిషాలు హాలిస్! ఆకలేస్తే నా మెదడు పనిచెయ్యదు. ఒక్క రొట్టెముక్క పడితే కేసు దానంతటదే విడిపోతుంది."

మనుషులు జీవితంలో ఒక్కసారైనా నిజం పలుకుతారు. బర్ల్‌కి అది అదే.

వెర్లీనత్త బల్ల దగ్గర పొయ్యి మూత తీసి ఉంది. కాలిన రొట్టె వాసన ఊరిని ఊపేస్తోంది. ఆవిడ పాత గుడ్డతో పిడి పట్టుకుని, పెనాన్ని పళ్ళెం మీద బోర్లించబోతోంది. హాలిస్ నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు. పదిమంది పళ్ళేలు పట్టుకుని వరసలో ఉన్నారు. ఇంతమంది ఒకచోట కనబడితే బర్ల్ ఊరుకోగలడా!

"ఎవరూ కదలొద్దు!" అన్నాడు. "దొంగ ఇక్కడే, ఈ పొగలోనే, మన మధ్యనే ఉన్నాడు! నా వేలు ఇప్పుడు ఎవరి వైపు తిరుగుతుందో..."

వేలు తిప్పాడు. వేలుతో పాటు చెయ్యి తిరిగింది, చేతితో పాటు మోచెయ్యి. మోచెయ్యి వెళ్ళి వెర్లీనత్త మణికట్టుకి తగిలింది. పెనం ఎగిరి బల్ల మీద ధన్‌మని పడింది. రొట్టె మాత్రం ఇంకా పైకి లేచి, గాల్లో ఒక్క పల్టీ కొట్టి, అడుగు భాగం ఆకాశానికి చూపిస్తూ వచ్చి బర్ల్ టోపీ మీద కూచుంది. మూతపెట్టినట్టు.

"కాలుతోంది! కాలుతోంది!"

"కదిలావో చంపుతా!" అని అరిచాడు హాలిస్. బర్ల్‌తో అతను అలా మాట్లాడ్డం యాభయ్యేళ్ళలో అదే మొదలు.

బంగారు రంగులో కాలిన రొట్టె అడుగు మీద అక్షరాలున్నాయి. ఉబ్బెత్తుగా, వరసలు వరసలుగా, కానీ తిరగేసి. హాలిస్ బర్ల్ మెడ పట్టుకుని ట్రక్కు పక్కద్దం ముందుకి లాక్కెళ్ళి తల వంచాడు. అద్దంలో అక్షరాలు తిన్నగా అయ్యాయి.

'ఇది ఆల్టా పెటిగ్రూ పెనం. పని కాగానే కడిగి తిరిగి ఇవ్వవలెను. 1903.'

"ఏముందిరా? ఏముంది?" అంటున్నాడు బర్ల్, మెడ వంచుకుని. సాక్ష్యం నెత్తిన పెట్టుకుని తిరిగే డిటెక్టివుకి సాక్ష్యం కనబడదు మరి.

"అదేరా పొద్దుట్నించీ మొత్తుకుంటున్నాను!" అంది వెర్లీనత్త. "నిన్న చర్చి వంటిల్లు శుభ్రం చేస్తుంటే పొయ్యి సొరుగులో దొరికింది. ఎవడో ఒళ్ళు కొవ్వెక్కినవాడు బంగారం లాంటి పెనానికి ఊదారంగు పూశాడు! గీకితే కింద నారింజ, దాని కింద మళ్ళీ ఊదా! మంటలో కాల్చి, సోడాలో నానేసి, భుజాలు పడిపోయేలా గీకాను. ఎవరి పెనమో వాళ్ళకి ఇద్దామంటే ఒక్కడూ పలకడు. ఈ డిటెక్టివుగాడైతే..."

వరసలోని పళ్ళేలన్నీ ఆగిపోయాయి. హాలిస్ బల్ల దగ్గరికెళ్ళి, పెనం అంచు మీద బొటనవేలు పెట్టి జరుపుకుంటూ పోయాడు. పిడికి ఎదురుగా ఒక నొక్కు. బొటనవేలు అందులో ఇమిడిపోయింది. ఆ వేడికి వేలు చురుక్కుమంది గానీ, తియ్యలేదు.

"అత్తా," అన్నాడు. "నీ ఏప్రన్ ఒకసారి ఇవ్వు."

*

నాణెం పన్నెండుకే ఎగరాలి. ఎగరలేదు. రిఫరీల బండి ఇంకా నలభై కార్ల మధ్యే ఉంది. వాళ్ళు దిగి నడిచొచ్చేసరికి పన్నెండు దాటి ఏడు నిమిషాలు. ఎనిమిదో నిమిషంలో హాలిస్ టాకెట్ ఏప్రన్‌లో చుట్టిన పెనాన్ని పసిబిడ్డలా గుండెలకి హత్తుకుని పరిగెత్తుకొచ్చాడు. వెనక నెత్తిన రొట్టెతో బర్ల్. ఆ వెనక, నలభయ్యేళ్ళలో మొదటిసారి లోపలికి అడుగు పెట్టిన వెర్లీనత్త. "ఓసోస్! ఇంతేనా ఇది? అరుపుల్ని బట్టి ఇంకా పెద్దదనుకున్నాను."

టార్వర్ పెద్దలు ఒప్పుకోలేదు. "ఇది పెనం కాదు! అంటే, పెనమే, కానీ ఆ పెనం కాదు! ఆ పెనానికి రంగుంటుంది!" ఇరవైవేల మంది గొంతులు గోల చేస్తున్నాయి. రిఫరీ తల గోక్కుని, "దీన్ని పోల్చగలవాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా?" అన్నాడు.

ఎనిస్ క్రాబ్‌ట్రీ ముందుకొచ్చాడు. కళ్ళు మూసుకుని, అంచు మీద బొటనవేలు జరుపుకుంటూ వెళ్ళాడు. పిడికి ఎదురుగా ఆగాడు. కాదంటే చాలు, టార్వర్ ఆడకుండా గెలిచినట్టే.

"ఇదే," అన్నాడు ఎనిస్. హాలిస్ వైపు చూసి తలూపాడు. ఈసారి రెండుసార్లు ఊపాడు.

"ఆగండాగండి," అంది వెర్లీనత్త. "దీని మీద పేరుంది. పేరున్న పాత్ర పేరుగలవాళ్ళకి చేరాలి. అది ఆటల కట్టడి కాదు, చర్చి కట్టడి!" అని బర్ల్ తల వంచి, టోపీ మీది రొట్టెని రెండు విశ్వవిద్యాలయాల అధ్యక్షులకీ చూపించింది. అద్దం లేకపోయినా ఆవిడ గట్టిగా చెప్పడంతో అందరికీ అర్థమైంది. 1903 అంటే మొదటి ఆట జరిగిన ఏడు. పెనం ఇద్దరు వ్యవస్థాపకులదీ కాదు. మొదటి ఆట నాడు రెండు పక్షాల కుర్రాళ్ళూ కలిసి ఆల్టా అనే ఇల్లాలిని బతిమాలి తెచ్చుకున్న పెనం. వండుకు తిన్నారు, తిరిగి ఇవ్వలేదు. నూట ఇరవయ్యేళ్ళుగా చేబదులు పాత్ర కోసం కొట్టుకుంటున్నారు.

"మరి ఈ పెటిగ్రూలు ఎక్కడున్నారో?" అన్నాడు క్విల్బీ అధ్యక్షుడు బేలగా. "ఇప్పుడు ఎలా కనుక్కోవడం?"

బర్ల్ గంభీరంగా గొంతు సవరించుకున్నాడు. "ఆ పని నాకు వదిలెయ్యండి. పెటిగ్రూలు భూగర్భంలో దాక్కున్నా సరే, ఈ సత్యాన్వేషి..."

"ఒరేయ్ మట్టిబుర్రా!" అంది వెర్లీనత్త. "మీ అమ్మ పుట్టింటి పేరేంటిరా?"

"పె..." అన్నాడు బర్ల్.

టోపీ మీంచి రొట్టెముక్క ఒకటి విరిగి భుజం మీద పడింది. ఆ 'పి' పెటిగ్రూదే. అది తెలుసుకోవాలని తహతహలాడే శత్రువు ఎవరో హాలిస్‌కి అప్పుడు అర్థమైంది.

బర్ల్ ఫోను తీశాడు. "అమ్మా. నేను. నాయనమ్మ... మీ నాయనమ్మ పెనం దొరికిందే."

మైదానం నడిమధ్య అందరూ వింటున్నారు.

"కడిగారా?" అంది ముసలావిడ.

"కడిగారమ్మా."

"సబ్బుతో కాదు కదా?"

"కాదమ్మా."

"అయితే సరే. ఎవరు పట్టుకెళ్ళారట?"

బర్ల్ చుట్టూ చూశాడు. ఊదారంగు సగం, నారింజరంగు సగం, ఇరవైవేల మంది. "అందరూను," అన్నాడు.

"ఆడుకోనీ పాపం, పిల్లలు. ఆటయ్యాక, గెలిచినవాళ్ళనే ఆదివారం పట్టుకొచ్చి ఇమ్మను. రొట్టె కాల్చుకుని మళ్ళీ ఇస్తాను. రంగు పూశారంటే మాత్రం వీపు పగుల్తుందని చెప్పు."

ఇద్దరు అధ్యక్షులూ ఆ నిబంధనకి అక్కడికక్కడే సంతకాలు పెట్టారు. రిఫరీ నాణెం ఎగరేశాడు. క్విల్బీ కుర్రాళ్ళు హెల్మెట్లు బిగించుకుని పరిగెత్తుతుంటే, హాలిస్ గీత పక్కన నిలబడి ఒక్కో బూటు చప్పుడూ విన్నాడు. ఆ పక్కనే ఎనిస్. ఇద్దరూ బర్ల్ టోపీ మీంచి రొట్టె విరుచుకు తింటున్నారు. ఎనిస్ వాటాకి 'తిరిగి' వచ్చింది, హాలిస్‌కి 'కడిగి'.

బర్ల్ కలం తీసి, చొక్కా జేబులోని చిన్న పుస్తకంలో ఏదో రాస్తున్నాడు.

"ఏం రాస్తున్నావురా?"

"దొరికినవాళ్ళ జాబితా. మొదటి రకం." బర్ల్ ఛాతీ ఉబ్బింది. "ఒకే రోజు, ఒకే చోట, ఇరవైవేల మంది! ఏ డిటెక్టివుకి దక్కిందిరా ఈ ఘనత?"

హాలిస్ ఆ పుస్తకం లాక్కుని, కలం తీసుకుని, జాబితా మొదట్లో కొంచెం చోటు చూసి ఒక పేరు చేర్చాడు. గురువారం నాడు పెనాన్ని మేకు మీంచి ఎత్తుకెళ్ళినవాడిది. పూర్తి పేరే రాశాడు, 'పి' కూడా కలిపి.